కనుమ మర్నాడు ఆఫీసు

సంక్రాంతికి ఊరెళ్లొచ్చినవాళ్లను మర్నాడు ఆఫీసు లిఫ్టులో చూడండి. చేతిలో అరిసెల డబ్బా, కళ్ల కింద నల్లటి చారలు. నేనూ చాలా ఏళ్లు అలాగే వచ్చాను. రాత్రి రాజమండ్రిలో బస్సెక్కడం, పంతంగి టోల్‌గేటు దగ్గర కార్ల బారులో తెల్లవారడం, ఇంటికెళ్లి నాలుగు చెంబులు పోసుకుని తొమ్మిదిన్నరకల్లా సీట్లో కూర్చోవడం. ఒక ఏడాది ఆ మత్తులోనే ఒక పార్టీకి వెళ్లాల్సిన బిల్లు ఇంకో పార్టీకి పంపేశాను. తప్పు నిద్రది, తిట్లు నాకు.

మన భాషలో ఓపిక అంటే సహనమూ అవును, ఒంట్లో సత్తువా అవును. రెండింటికీ ఒకే మాట ఊరికే రాలేదనిపిస్తుంది నాకు. ఒంట్లో ఓపిక లేనివాడు పై అధికారి దగ్గరా పిల్లల దగ్గరా ఓపిక పట్టలేడు.

అందుకని అప్పటి నుంచీ సెలవు పెట్టే తీరు మార్చాను. అందరూ భోగికి ముందురోజు సెలవు పెడతారు. నేను ఆ రోజు పనిచేసి, ఆ సెలవును వెనక్కి జరుపుతాను. కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా, ఇంట్లోవాళ్లు కదలనివ్వరు. మర్నాడు బయల్దేరి, ఆ మర్నాడు ఇంట్లో ఉంటాను. బట్టలు ఉతుక్కోవడం, పప్పుచారు అన్నం తిని పడుకోవడం, అంతే. ఊరికి వెళ్లేముందు పెండింగు పనులు ఒక కాగితం మీద రాసి, ఏది ఎవరు చూస్తారో పక్కన పేరు పెట్టి వెళ్తే బరిలో కోడి ఎగిరే వేళకు ఆఫీసు నుంచి ఫోను రాదు. వచ్చినా ఒకటే వస్తుంది.

ఉద్యోగం చేసే ఆడవాళ్ల సంగతి వేరు. వాళ్లకు పండగ సెలవు కాదు, షిఫ్టు మార్పు. ఆఫీసు కుర్చీ నుంచి లేచి నేరుగా పొయ్యి దగ్గరికి. అరిసెలంటే మాటలా? తడిపిండి కొట్టాలి, పాకం చూడాలి, ఒకరు వత్తుతుంటే ఒకరు మూకుడు దగ్గర నిలబడాలి. ఇందులో కోడలి వంతు ఎంతో భోగి పొద్దున తేలే విషయం కాదు. పది రోజుల ముందే ఫోనులో అత్తగారితో చెప్పుకోవాలి: ‘అత్తయ్యా, అరిసెలు ఇంట్లో చేద్దాం, జంతికలూ సున్నుండలూ కొనుక్కొస్తాను’ అని. మొదటి ఏడాది ముఖాలు కాస్త ముడుచుకుంటాయి. మూడో ఏడాదికి ఏ కొట్లో సున్నుండలు బాగుంటాయో ఆవిడే చెబుతుంది. ఇక మగవాళ్లకు ఒక మాట. నూనె పిండే అరిసెల చెక్కలు మన చేతులకూ సరిపోతాయి.

‘జీతమెంత? పెళ్లెప్పుడు? పక్కింటబ్బాయి అమెరికా వెళ్లాడట, నువ్వెప్పుడు?’ ఈ ప్రశ్నలు తప్పవు. వివరంగా జవాబు చెప్పాలనుకుంటేనే చిక్కు. ‘బానే ఉంది పెదనాన్నా, మీ మోకాలి నొప్పి ఎలా ఉంది?’ అంటే చాలు, ఆయనకు అరగంటకు సరిపడా విషయం దొరుకుతుంది.

డబ్బు విషయంలో నేను కఠినంగానే చెబుతాను. పండగ ఖర్చు ఇంత అని నోట్లు తీసి కవరులో పెట్టుకోండి. అది అయిపోతే పండగ బజారు అయిపోయినట్టే. క్రెడిట్ కార్డు బాకీలో కనీస మొత్తం కట్టి మిగతాది వదిలేస్తే చాలా బ్యాంకులు నెలకు 3 శాతం పైనే వడ్డీ వేస్తాయి. ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడంటే ‘మునిగాడు’ అంటాం. అదే కార్డైతే గీసి పారేస్తాం. కోడిపందేలకు చట్టం ఒప్పుకోదు, జేబు అసలే ఒప్పుకోదు. చూడ్డానికి వెళ్లినా పర్సు ఇంట్లో పెట్టి వెళ్లండి.

పండగ రోజే డ్యూటీలో ఉండేవాళ్ల మాట ఎవరూ ఎత్తరు. బస్సు డ్రైవరు, నర్సు, హోటల్లో సర్వరు. అందరూ ఊరెళ్లగలుగుతున్నది, అక్కడ నిశ్చింతగా ఉండగలుగుతున్నది వీళ్ల వల్లే. పెళ్లికానివాళ్లకూ కొత్తగా చేరినవాళ్లకూ ప్రతి పండగా డ్యూటీ వేయడం చాలాచోట్ల ఆచారమైపోయింది. అది అన్యాయం. ‘సంక్రాంతికి నేనుంటాను, ఉగాదికి నన్ను వదలండి’ అని ముందే కాగితం మీద పెట్టించుకోండి. ఫ్యాక్టరీలకూ దుకాణాలకూ వర్తించేలా 1974లోనే పండగ సెలవుల చట్టం వచ్చింది. చట్టం కింద ఇవ్వాల్సిన సెలవు రోజున పనిచేయిస్తే రెట్టింపు వేతనమో, బదులుగా మరో సెలవో ఇవ్వాలి. అడగడానికి మొహమాటపడకండి.

తిరిగొచ్చాక నాలుగు రోజులు దిగులుగా ఉండటం మామూలే. అమ్మ కట్టిచ్చిన ఆవకాయ సీసా చూసినా గొంతు పట్టేస్తుంది. రెండు వారాలైనా నిద్ర పట్టక, తిండి సయించక, పని మీద మనసు నిలవకపోతే మాత్రం దాన్ని పండగ బడలిక అనుకోవద్దు. 14416కి ఫోను చేయండి. టెలి మానస్ అంటారు, ప్రభుత్వానిది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

చివరిగా టికెట్ సంగతి. రైళ్లలో ముందస్తు రిజర్వేషను గడువు 2024 నవంబరు నుంచి 120 రోజుల బదులు 60 రోజులైంది. జనవరి 17 ప్రయాణానికి నవంబరు 18న తెరుస్తారు. వెళ్లే టికెట్ కోసం తెల్లారే ఫోను పట్టుకుని కూర్చుంటారు కదా, వచ్చేదాని కోసం కూడా అలాగే కూర్చోండి.