చేతి పనిముట్లకు తుప్పు: కారణాలు, క్షేత్రస్థాయి నివారణ

ట్రాక్టర్లు, వరికోత యంత్రాలు, స్ప్రేయర్ల నిర్వహణపై మన విస్తరణ సాహిత్యంలో తగినంత సమాచారం లభిస్తుంది. కొడవలి, పార, గొడ్డలి, కొమ్మలు కత్తిరించే సికేచర్, అంటు కట్టే కత్తి వంటి చేతి పనిముట్ల సంరక్షణ గురించి మాత్రం అరుదుగానే కనిపిస్తుంది. చిన్న, సన్నకారు రైతుకు నిత్యం అవసరమయ్యేవి ఇవే. తుప్పు పట్టి మొద్దుబారిన కొడవలితో కోత ఆలస్యమవుతుంది, కూలీ ఖర్చు పెరుగుతుంది. మొద్దు సికేచర్ కొమ్మను కోయదు, నలుపుతుంది. నలిగిన గాయం త్వరగా మానదు, తెగుళ్లకు దారి ఇస్తుంది. కనుక తుప్పు నివారణ సస్య రక్షణలో కూడా భాగమే. తుప్పుకు దారితీసే పరిస్థితుల్లో కొన్ని మన సాంకేతిక సిఫారసుల నుండే పుడుతున్నాయన్నది ఈ వ్యాసంలో ప్రధానంగా చర్చించదలచిన అంశం.

తుప్పు ఏర్పడే విధానం

ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిసినప్పుడు ఆర్ద్ర ఐరన్ ఆక్సైడ్ ఏర్పడుతుంది. అదే తుప్పు. అల్యూమినియంపై ఏర్పడే ఆక్సైడ్ పొర గట్టిగా అంటుకొని లోపలి లోహాన్ని కాపాడుతుంది. తుప్పు అలా కాదు. అది గుల్లగా ఉండి పొరలుగా లేస్తుంది, తేమను పట్టి ఉంచుతుంది, కింది ఇనుమును మళ్లీ గాలికి బయటపెడుతుంది. అందుచేత ఒకసారి మొదలైన తుప్పు దానంతట అది ఆగదు.

ఉక్కుపై నీరు కంటికి కనిపించనవసరం లేదు. లోహంపై లవణపు పొడి ఉంటే చాలు, అది గాలిలోని తేమను పీల్చుకొని పలుచని ద్రావణంగా మారుతుంది. సాధారణ ఉప్పు సుమారు 75 శాతం సాపేక్ష ఆర్ద్రత వద్ద, యూరియా 30 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 73 శాతం ఆర్ద్రత వద్ద ఈ స్థితికి చేరుతాయి. వానాకాలపు రాత్రుల్లో ఆర్ద్రత ఈ స్థాయిని దాటడం సర్వసాధారణం. తీరప్రాంతపు కొబ్బరి, జీడిమామిడి తోటల్లో ఉప్పుగాలి వల్ల పనిముట్లు త్వరగా పాడవడానికి కారణం ఇదే. క్లోరైడ్ అయాన్లు లోహపు పైపొరను ఛేదించి లోతైన గుంటలు కూడా చేస్తాయి.

విద్యార్థులు గమనించవలసిన మరొక అంశం బురద. పారకు అంటుకున్న తడి మట్టిగడ్డ కింద ఆక్సిజన్ తక్కువగా, చుట్టూ ఎక్కువగా ఉంటుంది. ఈ వ్యత్యాసం వల్ల గడ్డ కింది భాగం ధనధ్రువంగా మారి కరుగుతుంది. మట్టి రాలిన తరువాత అక్కడ కనిపించే గుంటలు దీని ఫలితమే. కామ దూరే గూడు, పిడిలోని ఇరుకు సందు, పళ్ల కొడవలి పళ్ల మధ్య భాగం కూడా ఇదే కారణంగా ముందుగా దెబ్బతింటాయి.

మన సిఫారసులు, వాటి ప్రభావం

1. బోర్డో మిశ్రమం: ఒక శాతం మిశ్రమానికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీరు వాడమని చెబుతాం. ఇనుప పాత్ర వాడవద్దని కూడా చెబుతాం. మిశ్రమం సరిగా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి శుభ్రమైన ఇనుప కత్తిని అందులో ముంచమంటాం. కత్తిపై ఎర్రటి పూత కనిపిస్తే రాగి ఇంకా స్వేచ్ఛగా ఉందని, మరికొంత సున్నం కలపాలని అర్థం. ఈ పరీక్షలో ఇనుము కరిగి, ఆ స్థానంలో రాగి పేరుకుంటుంది. ఆ కత్తిని తుడవకుండా పక్కన పెడితే రాగి, ఇనుము కలిసి చిన్న విద్యుత్ ఘటంలా పనిచేసి తుప్పును వేగవంతం చేస్తాయి. పరీక్ష నేర్పే మనం ఆ తరువాత కత్తిని గరుకు కాగితంతో రుద్ది, కడిగి, నూనె రాయమని చెప్పడం మరచిపోతున్నాం.

2. పరికరాల క్రిమిరహితం: దానిమ్మలో బ్యాక్టీరియా మచ్చ తెగులు ఒక చెట్టు నుండి మరొక చెట్టుకు వ్యాపించకుండా సికేచర్‌ను సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో ముంచమని సూచిస్తాం. సూచన సరైనదే. అయితే హైపోక్లోరైట్ ఉక్కును తీవ్రంగా తినివేస్తుంది. నేను గతంలో పనిచేసిన ఒక పరిశోధన క్షేత్రంలో కత్తిరింపు ముగిసిన సాయంత్రం సికేచర్లను అదే ద్రావణపు బకెట్లో వదిలివేశాం. బాధ్యత నాదే. మరుసటి ఉదయానికి అలుగులపై గుంటలు పడ్డాయి, స్ప్రింగులు బిగుసుకున్నాయి. అప్పటి నుండి రెండు జాగ్రత్తలు పాటిస్తున్నాను. 70 శాతం ఆల్కహాల్ లభించిన చోట దానితోనే అలుగులను తుడిపిస్తాను. అది నిప్పంటుకునే ద్రవం కనుక దగ్గరలో బీడీ, మంట ఉండకూడదు. హైపోక్లోరైట్ తప్పనిసరైతే, పని ముగియగానే మంచినీటితో కడిగి, ఆరబెట్టి, నూనె రాయిస్తాను.

3. ఎరువులు: మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో సుమారు 47 శాతం క్లోరైడ్ ఉంటుంది. అమ్మోనియం సల్ఫేట్ ద్రావణం ఆమ్ల స్వభావం కలది. ఎరువుల బస్తాలున్న గదిలోనే పనిముట్లు పెట్టడం గ్రామాల్లో సాధారణం. బస్తా ఎత్తినప్పుడు లేచే ధూళి వాటిపై పడి, రాత్రి తేమకు కరుగుతుంది.

పని ముగిసిన తరువాత అరగంట

ఏ నూనె మంచిదన్న ప్రశ్న కంటే ఎప్పుడు రాశామన్నది ముఖ్యం. పని ముగిసిన అరగంటలో ఈ క్రమం పూర్తి కావాలి.

అ) మట్టిని, ఆకుపసరును కొబ్బరి పీచుతో రుద్ది మంచినీటితో కడగాలి. చెరకు రసం, అరటి జిగురు ఎండిన తరువాత సులభంగా వదలవు. చౌడు నేలల్లోని బోరు నీటిని చివరి కడుగుకు వాడరాదు.

ఆ) పొడి గుడ్డతో తుడిచి, కొద్దిసేపు ఎండలో ఉంచాలి. తడిపై రాసిన నూనె నీటిని లోపలే బంధిస్తుంది.

ఇ) నూనె గుడ్డతో పలుచగా పూయాలి. కీలు, స్ప్రింగు, పిడి మొదలు మరువరాదు.

నూనెల్లో ఆముదం చిక్కగా ఉండి లోహాన్ని అంటిపెట్టుకుంటుంది, ఎండి పొరకట్టదు. రోజువారీ వాడకానికి ఇది అనుకూలం. పొద్దుతిరుగుడు నూనె కొన్ని రోజులకు జిగురుగా మారుతుంది. అవిసె నూనె ఎండి గట్టి పొరగా మారుతుంది కనుక కర్ర కామలకు తగినది. అవిసె నూనె పీల్చిన గుడ్డలను ముద్దగా పడేస్తే వాటంతట అవే వేడెక్కి మండవచ్చు. వాటిని విప్పి ఆరవేయాలి. వాడిన ఇంజిన్ నూనెలో హానికర పదార్థాలు, లోహపు రజను ఉంటాయి. పంటను తాకే పనిముట్లకు దానిని సిఫారసు చేయరాదు.

పట్టిన తుప్పును తొలగించడం

పైపై తుప్పును గరుకు కాగితంతో లేదా తీగల బ్రష్షుతో తీయవచ్చు. మొండి తుప్పుకు లీటరు నీటిలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపిన ద్రావణం గాని, చిక్కటి చింతపండు రసం గాని సరిపోతుంది. గంటకొకసారి తీసి చూడాలి. ఎక్కువసేపు ఉంచితే ఆమ్లం మంచి లోహాన్ని కూడా కరిగిస్తుంది. తరువాత కడిగి, వంట సోడా నీటితో తుడిచి, ఆరబెట్టి, ఆలస్యం లేకుండా నూనె రాయాలి. ఈ ఆమ్లాలను హైపోక్లోరైట్‌తో, బ్లీచింగ్ పొడితో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపరాదు. విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

సాన చక్రంపై పదును పెట్టేటప్పుడు అంచు నీలిరంగుకు మారితే ఉక్కు గట్టిదనం కోల్పోయినట్లే. మధ్యమధ్య నీటిలో ముంచి చల్లార్చాలి.

నిల్వ

పనిముట్లను ఎరువులకు దూరంగా, నేలకు తగలకుండా గోడకు వేలాడదీయాలి. తడి గోనె సంచిలో చుట్టరాదు. బకెట్లో పొడి ఏటి ఇసుకను కొద్దిగా నూనెతో తడిపి, శుభ్రం చేసిన పార, గడ్డపార కొనలను అందులో గుచ్చి ఉంచవచ్చు. సముద్రపు ఇసుక పనికిరాదు. తదుపరి సీజన్ వరకు వాడని కొడవళ్లకు గ్రీజు పూసి కాగితంలో చుట్టాలి.

తుప్పు వల్లనే ధనుర్వాతం వస్తుందన్న అపోహ కూడా గ్రామాల్లో ఉంది. ఆ వ్యాధి కారక బ్యాక్టీరియా బీజాలు మట్టిలో, పేడలో ఉంటాయి. తుప్పు లేని పనిముట్టు గుచ్చుకున్నా ప్రమాదమే. లోతైన గాయమైతే కడిగి, ఆరోగ్య కేంద్రంలో టీకా గురించి అడగమని చెప్పాలి.

క్షేత్ర అభ్యాసం, ముగింపు

గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో ఉన్న విద్యార్థులు ఒక సులభమైన ప్రదర్శన చేయవచ్చు. ఒకే రకం ఇనుప మేకులు నాలుగు తీసుకొని గరుకు కాగితంతో రుద్దాలి. ఒకదాన్ని అలాగే, రెండవదాన్ని తడి మట్టి పూసి, మూడవదాన్ని పొటాష్ ఎరువు ద్రావణంలో ముంచి, నాలుగవదాన్ని ఆముదం రాసి వారం రోజులు వరండాలో ఉంచాలి. రైతుల సమక్షంలో మట్టి తొలగించి నాలుగింటినీ పక్కపక్కన పెడితే చాలు, విడిగా ఉపన్యాసం అవసరం లేదు.

విస్తరణ శాస్త్రవేత్తలకు ఒక్క సూచన. ఒక రసాయనాన్ని, దానితో వాడే పనిముట్టును సిఫారసు చేసినప్పుడు, పని ముగిశాక ఆ పనిముట్టును ఏం చేయాలో కరపత్రంలో మరొక వాక్యం చేర్చాలి. తుప్పు పట్టిన సికేచర్ వల్ల కత్తిరింపు చెడితే, రైతు తప్పుబట్టేది సికేచర్‌ను కాదు, మన సిఫారసును.