గంటకూలియు నెలజీతమును

మంగినపూడి తీరమునుండి బందరునకు వచ్చు బాటలో ఉదయము ఆరు గంటలకు నిలిచి చూచినచో, పనులకు బోవు జనుల వరుస యొకటి కనబడును. కొందరు నాట్లకు, కొందరు రొయ్యల చెరువులకు, కొందరు చిలకలపూడిలో రోల్డుగోల్డు నగల పనికి, మరికొందరు పట్టణములోని దుకాణములకు బోవుచుందురు. వీరిలో ఒకరికి దినకూలి, ఒకరికి గుత్త, ఒకరికి నగకింత యను లెక్క, ఒకరికి నెలజీతము. ఎవరి సంపాదన యెక్కువ యని యడిగినచో వెంటనే చెప్పజాలము. కొలత లొక్కటి కావు గనుక. వాని నన్నిటిని ఒక్క కొలతకు దెచ్చు విధానమే యీ పాఠము.

మా తరగతిలో ఒక బాలుడు తన తండ్రి జీతపు చీటీని నాకు దెచ్చి చూపెను. తండ్రి యొక మిల్లులో పనివాడు. లెక్క సులభమగుటకై అంకెలను గుండ్రముచేసి వ్రాయుచున్నాను. నెలజీతము 10,400 రూపాయలని చెప్పి పనిలో చేర్చుకొనిరి. ఆదివారములు సెలవు. నెలలో 26 దినములు పనిచేసెను. చేతికి వచ్చినది 9,013 రూపాయలు.

"మాస్టారూ, మా నాన్న ఒక్క నాగా కూడా పెట్టలేదండి. మిగతా డబ్బు ఏమైందండి?" అని బాలుడు ప్రశ్నించెను.

గుమాస్తా చేసిన పని యేమనగా, 10,400ను 30చే భాగించి, వచ్చిన 346 రూపాయల 67 పైసలను 26చే గుణించెను. గుణకారములో తప్పు లేదు, భాజకములోనే యున్నది. సెలవు దినములకు కూలి లేదనుచు, ఆ సెలవు దినములను భాజకములో మాత్రము చేర్చెను. 26 దినముల పనికి నిర్ణయించిన జీతమును 26చేతనే భాగింపవలెను. అట్లు చేసిన దినమునకు సరిగా 400 రూపాయలు వచ్చును.

ఈ 26 ఎక్కడనుండి వచ్చినది? సంవత్సరమునకు 52 వారములు, వారమునకు 6 పనిదినములు, వెరసి 312. దానిని 12 నెలలకు పంచిన నెలకు 26. దినమునకు 8 గంటల చొప్పున నెలకు 208 గంటలు. వారమునకు 48 గంటల లెక్కనుండి బయలుదేరినను ఇచ్చటికే చేరుదుము: 48ని 52చే గుణించిన 2,496, దానిని 12చే భాగించిన 208. కనుక గంటకూలిని 208చే గుణించిన నెలజీతము, నెలజీతమును 208చే భాగించిన గంటకూలి. పై జీతమునకు గంటకు 50 రూపాయలు. ఇది నేను కల్పించిన సూత్రము కాదు. గ్రాట్యుటీ లెక్కలో నెలజీతమును 26చే భాగించుటను 1980లో సుప్రీంకోర్టు సమర్థించినది. కేంద్ర ప్రభుత్వము 2020లో ప్రకటించిన వేతన నియమముల ముసాయిదాలో కూడ దినవేతనమును 8చే భాగించిన గంటవేతనమనియు, 26చే గుణించిన నెలవేతనమనియు గలదు.

అదనపు గంటల పనికి రెట్టింపు కూలి యీయవలెను. ఆ తండ్రి 20 గంటలు అదనముగా పనిచేసియుండిన, గంటకు 100 చొప్పున 2,000 రూపాయలు రావలెను. 30 దినములకు 240 గంటలని లెక్కించినచో 1,733 మాత్రమే వచ్చును. వేరొక విషయము గూడ గమనింపదగినది. నాగా పెట్టిన దినమున కోత కోయుటకు 26ను, కూలి యిచ్చుటకు 30ని వాడువారు కొందరు గలరు. ఏ భాజకమైనను రెండింటికి నొక్కటే కావలెను.

ఇక చట్టము సంగతి. కనీస వేతనముల చట్టము 1948లో వచ్చినది. దాని పట్టికలో బియ్యపు మిల్లులు, నూనె మిల్లులు, పొగాకు పని, వ్యవసాయము మొదటినుండియు నుండెను. అనగా మన డెల్టా బ్రతుకుదెరువులో పెద్దభాగము. పట్టికలో లేని పనికి ఆ రక్షణ లేకుండెను. 2019 నాటి వేతనముల కోడ్ 2025 నవంబరు 21వ తేదీన అమలులోనికి వచ్చి, ఆ చట్టము స్థానమును పొందినది. దీని ప్రకారము పట్టికతో నిమిత్తము లేక ఉద్యోగము లన్నిటికిని కనీస వేతనము వర్తించును. కేంద్రము ఒక అడుగు రేటును నిర్ణయించును; రాష్ట్రము దానికంటె తక్కువ నిర్ణయింపరాదు. అయిదేండ్లకు మించకుండ రేట్లను పునఃపరిశీలింపవలెను. తక్కువ కూలికి పనివాడే యొప్పుకొని వ్రాలు చేసినను ఆ యొప్పందము చెల్లదు. కనీస వేతనముకంటె తక్కువ యిచ్చి పనిచేయించుట రాజ్యాంగము 23వ అధికరణము నిషేధించిన నిర్బంధ శ్రమయే యని 1982లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

కనీసమనగా నెంత? 1957లో జరిగిన 15వ భారత కార్మిక మహాసభ ఒక కొలత నేర్పరచినది: సంపాదించువాని కుటుంబమును మూడు భాగములుగా నెంచి, వారి తిండి, సంవత్సరమునకు 72 గజముల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు దీపము వగైరాలకు మొత్తములో నూటికి 20 వంతులు. ఇందులో పిల్లల చదువు లేదు. 1991లో సుప్రీంకోర్టు ఆ లోపమును గుర్తించి, చదువు, వైద్యము మున్నగువానికి మరి నూటికి 25 చేర్పవలెనని చెప్పెను. మన పాఠశాల పుస్తకముల ఖర్చు కూలి లెక్కలోనికి వచ్చుటకు ముప్పదినాలుగేండ్లు పట్టినది!

గుత్తపని లెక్క కొంచెము చిక్కు. పదిమంది స్త్రీలు ఎకరము నాటునకు 5,000 రూపాయలకు ఒప్పుకొనిరనుకొందము. తలకు 500. ఎనిమిది గంటలలో ముగించిన గంటకు 62 రూపాయల 50 పైసలు; నేల యనుకూలింపక పది గంటలు పట్టిన 50 రూపాయలు. ఆటో కిరాయి తామే పెట్టుకొనిన అదియు తీసివేయవలెను. పెడనలో కలంకారీ అద్దకమునకును, చిలకలపూడి నగలకును ఇదే రీతి: వచ్చిన సొమ్మును పట్టిన గంటలచే భాగింపుడు. పనికొలది రేటు నిర్ణయము కాక కాలమునుబట్టి కనీస రేటు మాత్రమున్నచోట, దానికి తక్కువ యీయరాదని చట్టము.

దినకూలిని నెలజీతముగా మార్చునపుడు ఒక మోసము గలదు. 2024-25లో మన రాష్ట్రమున ఉపాధి హామీ కూలి దినమునకు 300 రూపాయలు. 26చే గుణించి నెలకు 7,800 అనుట పొరపాటు. అప్పటి హామీ కుటుంబమునకు సంవత్సరమున 100 దినములకే గనుక, పూర్తిగా దొరకినను 30,000. నెలకు సగటున 2,500 మాత్రమే. నాట్ల కూలికిని ఇట్లే పనిదొరకు దినములను ముందు లెక్కింపవలెను.

గుడివాడ, దివిసీమ గ్రామములనుండి అమెరికాకు బోయిన పిల్లలు గంటకు ఇన్ని డాలర్లని చెప్పుచుందురు. తలిదండ్రులు దానిని వెంటనే రూపాయలలోనికి మార్చి సంతసింతురు. అచ్చట వారమునకు 40 గంటల చొప్పున సంవత్సరమునకు 2,080 గంటలు. 2009 నుండి కేంద్ర కనీస రేటు గంటకు 7 డాలర్ల 25 సెంట్లు. సంవత్సరమునకు 15,080 డాలర్లు. పెక్కు రాష్ట్రములలో రేటు హెచ్చు. కాని విద్యార్థికి తరగతులు జరుగు కాలమున వారమునకు 20 గంటలకు మించి పనిచేయు ననుమతి లేదు గనుక, అతని లెక్కలో 40 అని వ్రాయరాదు.

బాలుని తండ్రికి చీటీ వెనుకనే లెక్క వ్రాసి పంపితిని. గుమాస్తా మొదట "మా పద్ధతి ముప్పదియే" అనెనట. తరువాతి నెలనుండి 26 చొప్పుననే ఇచ్చుచున్నారు. పాత బాకీ మాత్రము రాలేదు. కొత్త కోడ్ ప్రకారము అట్టి బాకీకై మూడేండ్లలోపల అధికారికి అర్జీ పెట్టుకొనవచ్చును. బాలుడు పాత చీటీలన్నియు వెదకి తెచ్చినాడు. పదునాలుగు దొరకినవి, నెలకు 1,387 తక్కువ. మొత్తమెంతయో అతడే నల్లబల్లమీద వేసి చూపెను: 19,418. పైసలు సరిచూడుమంటిని. సరిచూచి అయిదు రూపాయలు తగ్గించి, 19,413 అని దిద్ది వ్రాసెను.