చల్లని కప్పు

పల్నాడులో ఎండలెక్కువ. వేసవి వచ్చిందంటే రెంటచింతల పేరు వార్తల్లో వినపడుతుంది. అక్కడి ఊళ్లలో ఇప్పుడు పూరిళ్లు తక్కువ, శ్లాబు ఇళ్లు ఎక్కువ. శ్లాబు ఇంటికి నిప్పు భయం లేదు, గాలివాన భయం లేదు. కాని వేసవిలో లోపల పడుకోలేరు.

అలాంటి ఒక ఇంట్లో కిందటేడు చంటిపిల్లకు ఒళ్లంతా చెమటకాయలు లేచాయి. రాత్రంతా ఏడుపే. ఫాను వేస్తే వేడిగాలి కొట్టింది. ఈ ఏడు ఫాల్గుణంలోనే ఇంటాయన కూలరు కొందామన్నాడు. వాయిదాల మీద ఇస్తారట.

కోడలు లెక్క వేసింది. చదువు నేర్చాక కరెంటు బిల్లు ఆమే చదువుతోంది. 1000 వాట్ల సామాను గంటసేపు వాడితే 1 యూనిట్. 200 వాట్ల కూలరు రోజుకు 10 గంటలు తిరిగితే 2 యూనిట్లు. నెలకు 60.

"వాయిదా కట్టాలి, బిల్లూ కట్టాలి. ఎట్లా అత్తా?" అంది.

"పూరింట్లో ఇంత ఉడక లేదే. పైన గడ్డి ఉండేది" అంది అత్త.

అత్త మాట నిజం. గడ్డి పొరల మధ్య గాలి నిలిచి ఉంటుంది. అది వేడిని తొందరగా లోపలికి రానివ్వదు. శ్లాబు అట్లా కాదు. పగలంతా ఎండను తాగుతుంది. రాత్రి ఆ వేడిని ఇంట్లోకి వదులుతుంది. అందుకే పొద్దు గూకినా ఇల్లు చల్లబడదు.

నల్లబడిన కప్పు ఎండను పీల్చుకుంటుంది. తెల్లని కప్పు చాలా ఎండను వెనక్కి కొడుతుంది. 2017లో హైదరాబాద్‌లో 25 పేద ఇళ్ల కప్పుల మీద తెల్లని పొర పరిచి చూశారు. లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. 2 డిగ్రీలేనా అనిపిస్తుంది. చంటిపిల్లలకు, ముసలివాళ్లకు అది చిన్న సంగతి కాదు. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వడదెబ్బకు వెయ్యిమందికి పైగా చనిపోయారు.

"గోడలకు ఏటా సున్నం వేస్తాం. కప్పుకెందుకు వేయం?" అంది కోడలు.

"కప్పును ఎవరు చూస్తారే?"

"ఎండ చూస్తుంది గదత్తా."

సున్నం పని అత్తకు తెలుసు. ఇనప డ్రమ్ములో ముందు నీళ్లు పోసింది. అందులో గుల్ల కొద్దికొద్దిగా వేసింది. నీళ్లు కుతకుతా ఉడికాయి. ఆ దరిదాపులకు పిల్లల్ని రానివ్వకూడదు. సున్నం కంట్లో పడితే చూపు పోవచ్చు. పడితే వెంటనే మంచినీళ్లతో చాలాసేపు కడిగి ఆసుపత్రికి పోవాలి.

మర్నాడు పాత చీరతో వడగట్టి, బంక కలిపారు. కప్పు ఊడ్చి, పగుళ్లకు సిమెంటు పూసి, నీళ్లు చల్లారు. చల్లపొద్దున చెప్పులు వేసుకుని ఒక పూత వేశారు. అది ఆరాక రెండోది. పిట్టగోడ లేదు, అందుకని అంచుల దగ్గర కూర్చునే పూశారు.

రేకుల ఇంటికీ తెల్లరంగు మేలే. అయితే రేకు మీద కాలు పెట్టకూడదు, విరుగుతుంది. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది. గీకినా, పొడిగా రుద్దినా సన్నని దుమ్ము లేస్తుంది. అది ఊపిరితిత్తులకు చేటు.

సున్నం వానలకు కొట్టుకుపోతుంది. ఏటా వేసవికి ముందు మళ్లీ వేయాలి. సున్నం వేస్తే కూలరు ఎవరికీ అక్కర్లేదని కాదు. వడగాలి రోజుల్లో జబ్బుమనిషి ఉన్న ఇంటికి కూలరూ కావాల్సి రావచ్చు. కాని కప్పు కాలుతుంటే కూలరు పని కూడా సగమే.

ఈ ఇంట్లో కూలరు మాట వచ్చే ఏటికి వాయిదా పడింది. వంటింట్లో పాత 60 వాట్ల బల్బు ఉంది. రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బుకు ఒకటిన్నర యూనిట్ కూడా కాదు. అది మార్చేశారు.

పడమటి గోడకు సాయంత్రం ఎండ నేరుగా కొడుతుంది. అక్కడ అత్త సొరవిత్తనం పెట్టి పందిరి వేసింది. స్నానాల నీళ్లు దాని మొదట్లోకే పోతున్నాయి.