పిల్లలున్న తొట్టిని శుభ్రం చేయడం ఎలా? (పెరటి రంగు చేపల యూనిట్ లబ్ధిదారులకు)

ప్రధాన మంత్రి మత్స్య సంపద యోజన కింద పెరటి రంగు చేపల యూనిట్ తీసుకున్న లబ్ధిదారులకు ఈ పాఠం. యూనిట్ విలువ రూ.3 లక్షలు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం, మిగతా వారికి 40 శాతం సబ్సిడీ వర్తిస్తుంది. అంటే సబ్సిడీ పోను ఒక మహిళా లబ్ధిదారు మీద ఇంకా రూ.1.20 లక్షల భారం ఉంటుంది. అది తీరాల్సింది తొట్టిలో పుట్టే పిల్లల మీదే. పిల్లలు చనిపోతే అందరూ రోగం అనుకుంటారు. మేము యూనిట్లకు వెళ్లి చూసినప్పుడు మాత్రం, చాలాసార్లు తొట్టి కడిగిన రెండు మూడు రోజుల్లోనే పోతున్నాయి.

ఒక యూనిట్‌లో ఇలాగే జరిగింది. ఆ అక్క ఆదివారం తొట్టి మొత్తం ఖాళీ చేసి, గోడలు, రాళ్లు, స్పాంజ్ అన్నీ శుభ్రంగా తోమి, కొళాయి నీళ్లు నింపారు. మంగళవారానికి నలభై గుప్పీ పిల్లల్లో ఆరు మిగిలాయి. నీళ్లు మాత్రం అద్దంలా ఉన్నాయి. "ఇంత శుభ్రం చేస్తే కూడా ఎందుకు పోయాయండీ?" అని అడిగారు. శుభ్రం ఎక్కువ కావడం వల్లే పోయాయి.

ఎందుకంటే, చేపల రెట్ట, మిగిలిన మేత కుళ్లి నీళ్లలో అమోనియా పుడుతుంది. అది కంటికి కనపడదు. స్పాంజ్ ఫిల్టర్‌లోనూ, అడుగు రాళ్ల మీదా ఉండే మంచి బ్యాక్టీరియా ఈ అమోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత అంతగా హాని లేని నైట్రేట్‌గా మారుస్తుంది. కొత్త తొట్టిలో ఈ బ్యాక్టీరియా సరిపడా పెరగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. స్పాంజ్‌ని కొళాయి కింద పెట్టి పిండారంటే ఆ నెల రోజుల కష్టం ఒక్క నిమిషంలో పోయినట్టే. కొళాయి నీళ్లలో ఉండే క్లోరిన్ దాన్ని చంపేస్తుంది.

నీళ్ల సంగతి

పంచాయతీ ట్యాంకులో బ్లీచింగ్ కలిపిన రోజు, ముఖ్యంగా వానాకాలంలో, కొళాయి నీళ్లు నేరుగా పోయవద్దు. వెడల్పు మూతి ఉన్న డ్రమ్ములో పట్టి, ఎయిర్ పంపు గొట్టం వేసి 24 గంటలు ఉంచండి. తొందర ఉంటే అక్వేరియం షాపుల్లో అమ్మే యాంటీ క్లోరిన్ చుక్కలు, సీసా మీద రాసిన మోతాదులో వేయండి. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు కదా అని వెంటనే పోసేస్తారు కొందరు. బోరు నీళ్లలో ప్రాణవాయువు తక్కువగా ఉంటుంది. దానికీ ఒక రోజు గాలి పెట్టాల్సిందే. డ్రమ్మును తొట్టి పక్కనే నీడలో ఉంచితే రెండింటి వేడి ఒకటే అవుతుంది.

తీసే పద్ధతి

పిల్లల తొట్టికి రోజుకు మూడు నాలుగు సార్లు మేత వేస్తాం కాబట్టి అడుగున త్వరగా మడ్డి చేరుతుంది. వారానికి రెండుసార్లు, ప్రతిసారీ 10 నుంచి 15 శాతం నీళ్లు మాత్రమే మార్చండి. వంద లీటర్ల తొట్టిలో ఒక బక్కెట్ లోపే. రొయ్య పిల్లల తొట్టికి వారానికి ఒకసారి 10 శాతం చాలు.

పెద్ద సైఫన్ గొట్టం పిల్లల తొట్టికి పనికిరాదు. అప్పుడే పుట్టిన గుప్పీ పిల్ల 6, 7 మిల్లీమీటర్లు, చెర్రీ రొయ్య పిల్ల 2 మిల్లీమీటర్లే ఉంటుంది. ఎయిర్ పంపుకి వాడే సన్న గొట్టమే తీసుకుని, లోపలికి పెట్టే చివరకు దోమతెర ముక్క కట్టండి. రొయ్యలుంటే దోమతెర కూడా చాలదు, పలుచని వాయిలు చీర ముక్క రెండు మడతలు వేసి కట్టండి. గుడ్డ కడితే మడ్డి నెమ్మదిగా వస్తుంది, ఓపిక పట్టాలి. నీళ్లను తెల్లటి టబ్‌లోకి వదలండి. వెంటనే పారబోయకండి. అరగంట ఆగి చూస్తే, తప్పించుకొచ్చిన పిల్లలు తెల్లటి అడుగు మీద కదులుతూ కనిపిస్తాయి. వలతో పట్టవద్దు, చెంచాతో నీళ్లతో సహా ఎత్తి తొట్టిలో వేయండి. మిగతా నీళ్లు మల్లె మొక్కకో కరివేపాకుకో పోయండి, బాగా పెరుగుతాయి.

స్పాంజ్ వంతు నెలకు ఒకసారి. ముందు దాన్ని టబ్ నీళ్లలో నెమ్మదిగా ఆడించండి, అందులో దాక్కున్న రొయ్య పిల్లలు బయటికి వస్తాయి. తర్వాతే, ఆ తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే రెండు మూడుసార్లు పిండండి. స్పాంజ్ మళ్లీ పసుపు రంగుకు రావాలని పట్టుపట్టకండి.

నాచు ముందు అద్దం మీద మాత్రమే గీకండి. వెనక, పక్క అద్దాల మీది నాచు, దాని మీది పలుచటి జిగురు పొర రొయ్య పిల్లలకు మొదటి మేత. కడుపు కింద గుడ్లు మోస్తున్న తల్లి రొయ్య ఉంటే మరీ జాగ్రత్త. ఒక్కసారిగా నీళ్లు మారితే గుడ్లు వదిలేస్తుంది.

కొత్త నీళ్లు మగ్గుతో గుమ్మరించకండి. డ్రమ్మును కాస్త ఎత్తులో పెట్టి, సన్న గొట్టానికి ముడి వేసి, చుక్కలు చుక్కలుగా వదలండి. గంట పట్టినా ఫర్వాలేదు.

సబ్బు, సర్ఫ్, ఫినాయిల్ వాడిన చేతులు, బక్కెట్లు తొట్టి దగ్గరికి రానివ్వద్దు. ఆ గదిలో దోమల స్ప్రే కొట్టవద్దు. ఎయిర్ పంపు ఆ గాలినే లాగి తొట్టిలోకి పంపుతుంది, చేపల కంటే ముందు రొయ్యలు పోతాయి. రాగి ఉన్న మందులు కూడా రొయ్యల తొట్టిలో వేయరాదు.

శుభ్రం చేసిన తర్వాత పిల్లలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే మేత ఆపి, గాలి పెంచండి. నిలవబెట్టిన నీళ్లతో ఇంకో 10 శాతం నెమ్మదిగా మార్చండి. తగ్గకపోతే అదే రోజు మీ గ్రామ మత్స్య సహాయకులకు ఫోన్ చేయండి. తొట్టి నీళ్లు ఒక సీసాలో తీసి పెట్టుకోండి, పరీక్షకు అవసరం అవుతాయి. చనిపోయిన పిల్లల సంఖ్య, నీళ్లు మార్చిన తేదీ యూనిట్ రిజిస్టర్‌లో రాయడం మర్చిపోవద్దు.