రుగ్ణశయ్య చెంత సంతానధర్మము

కాయకమనగానే పొలము దున్నుట, మగ్గము నేయుట, పాఠము చెప్పుట మొదలగునవి ఎల్లరకు స్ఫురించును. చేపట్టిన పనిని నిజాయితీగ చేసి, దాని ఫలమును పదిమందితో పంచుకొనుటయే పన్నెండవ శతాబ్దమున బసవేశ్వరుడు కల్యాణమున నేర్పిన మార్గము. అయితే రోగపీడితురాలైన తల్లికి గిన్నె పట్టుట, లేవలేని తండ్రికి పక్కబట్టలు మార్చుట కూడ కాయకమే యను మాట, ఆ గడియ తన యింటికి వచ్చువరకు పలువురికి తోచదు. ఆ గడియ వచ్చినపుడు భక్తి యెంత యున్నను తెలివిడి లేకున్న సేవ తడబడును. కనుక ఈ పాఠమున ఆ రెండును కలిపి విచారింపబడుచున్నవి.

పాల్కురికి సోమనాథుని బసవపురాణమున బెజ్జ మహాదేవి కథ కలదు. శివునకు తల్లి లేదుగదా యని ఆమె జాలిపడి, తానే తల్లియై, ఆయనను పసిబిడ్డగ భావించి నీళ్ళుపోసి, ఆహారమిడి సాకెను. ఆమె ప్రేమను పరీక్షింపదలచి శివుడు నోట బాధ కలిగినట్లు నటించి ఆహారము ముట్టకుండెను. అప్పుడా తల్లి పడిన తల్లడపాటు చదువరుల కండ్లు చెమర్చును. బిడ్డ యొక పూట తినకున్న తల్లి ప్రాణము నిలువదనుటకు ఆ కథ నిదర్శనము. నేడు మంచము పట్టిన తల్లిదండ్రులు ఒకనాడు బిడ్డ జ్వరమునకు రాత్రులు మేల్కొన్నవారే. వరుస మారినది, మేల్కొనవలసినవారు మారిరి, బాధ్యత మాత్రము మారలేదు.

దూరము, కాలము

2022 ఏప్రిల్ 4వ తేదీన నరసరావుపేట ముఖ్యపట్టణముగ పల్నాడు జిల్లా ఏర్పడినది. జిల్లాలోని పట్టణములలో ప్రభుత్వాసుపత్రులు కలవు. అయినను గుండె, మెదడు, మూత్రపిండములకు సంబంధించిన పెద్ద రోగములకు పల్నాటివారు తరతరములుగ గుంటూరునకే పోవుచుండిరి. అచట 1946లో స్థాపింపబడిన వైద్య కళాశాలకు అనుబంధముగ పెద్దాసుపత్రి యున్నది. మంగళగిరి ఎయిమ్స్‌లో 2019 నుండి రోగులను చూచుచున్నారు. నరసరావుపేట వారికి గుంటూరు దగ్గరే. మాచర్ల వారికది నూరు కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము. గురజాల, రెంటచింతల వారి స్థితియు ఇంచుమించు అట్టిదే. కావున పల్నాట పుట్టిన బిడ్డలు నేర్వవలసిన మొదటి పాఠము కాలపు విలువ.

పక్షవాతమునే తీసికొందము. నోరు ఒక ప్రక్కకు వంగుట, ఒక చేయి పైకెత్తలేకపోవుట, మాట తడబడుట — ఈ మూడింటిలో ఏ యొక్కటి హఠాత్తుగ కనబడినను వెంటనే 108కి ఫోను చేయవలెను. మెదడులోని రక్తనాళమున గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతమునకు ఆ గడ్డను కరిగించు సూదిమందు కలదు. లక్షణములు మొదలైన నాలుగున్నర గంటలలోపల, తలకు స్కానింగు తీసి రక్తస్రావము లేదని నిర్ధారించిన పిమ్మటనే దానిని ఇత్తురు. పసరు పోయించుటకో, మంత్రము వేయించుటకో, బంధువులందరు వచ్చువరకు ఆగుటకో ఆ గంటలు చెల్లిపోయినచో పిదప ఎంత ధనము పోసినను అవి తిరిగి రావు. రోగి చివరిసారి బాగుగ నుండగా చూచిన సమయమును కాగితముపై వ్రాసికొనవలెను. వైద్యుడు అడుగు మొదటి ప్రశ్న అదియే. మ్రింగలేని స్థితిలో నున్నవారికి నీళ్ళుగాని మాత్రలుగాని నోట పోయరాదు. అవి ఊపిరితిత్తులలోనికి పోవు ప్రమాదము కలదు.

ముందుగ సిద్ధపరచుకొనదగినవి

వయసు మీరిన తల్లిదండ్రులున్న ప్రతి యింట ఒక సంచి సిద్ధముగ నుండవలెను. అందు ఆధారు కార్డు, రేషను కార్డు, పూర్వపు పరీక్షల కాగితములు, ప్రస్తుతము వాడుచున్న మందుల అట్టలు ఉండవలెను. చక్కెర జబ్బు, రక్తపుపోటు, ఏదైన మందు పడకపోవుట మొదలగు విషయములు ఒక చీటిపై వ్రాసి యుంచవలెను. నాటుమందు వాడుచున్నచో దానిని దాచక వైద్యునకు చెప్పవలెను. దాచిన మందు ఇచ్చిన మందుతో కలిసి హాని చేసిన సందర్భములు కలవు.

ధనము సంగతి మరి యొకటి. 2007లో ఆరోగ్యశ్రీ పేరున ఆరంభమై, 2024 నుండి డాక్టర్ ఎన్‌టీఆర్ వైద్య సేవ అను పేర నడచుచున్న పథకము క్రింద పెక్కు పెద్ద చికిత్సలు అర్హులకు ఉచితముగ జరుగును. 2024 అక్టోబరులో కేంద్రప్రభుత్వము డెబ్బదియేండ్లు నిండిన వృద్ధులకు ఆదాయముతో నిమిత్తము లేకుండ కుటుంబమునకు ఏటా ఐదు లక్షల రూపాయల వరకు వైద్యసహాయమును ప్రకటించినది. చేరుటకు ముందే ఆ ఆసుపత్రి పథకములో నున్నదో లేదో, ఆ రోగమునకు పథకము వర్తించునో లేదో అచటి వైద్యమిత్రను అడిగి తెలిసికొనవలెను. బిల్లు చేతికి వచ్చిన పిమ్మట అడుగుట చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటయే.

ఎవరుండవలెను?

పల్నాట మాఘ ఫాల్గుణములు మిరపకోతల కాలము. ఆ దినములలో తండ్రి గుంటూరు ఆసుపత్రిలో నుండగా కొడుకునకు కల్లములో కాయ యుండును, కూలీలు ఎదురుచూచుచుందురు, అప్పిచ్చినవాడును ఎదురుచూచుచుండును. పెద్దకొడుకు చేనిలోను, చిన్నకొడుకు హైదరాబాదు ఉద్యోగములోను ఉన్న యింట మంచము ప్రక్కన మిగులునది తరచుగ కూతురో కోడలో. పదిదినములు నేలపై చాప పరచుకొని పరుండినది ఆమె; పదకొండవ దినమున వచ్చి వైద్యునితో మాటలాడి నిర్ణయము చెప్పునది మాత్రము మగవాడు. ఇది న్యాయము కాదు. స్త్రీకిని ఇష్టలింగమునిచ్చి సమానస్థానము కల్పించిన శరణుల బాటలో నడచువారి యిండ్లలో ఇట్లు జరుగుట మరింత తగదు. ఎవరు రాత్రి మేల్కొనిరో వారి మాటకు నిర్ణయమున మొదటి విలువ యీయవలెను.

అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు మొదటి దినముననే కూర్చుండి మూడు సంగతులు తేల్చుకొనవలెను: వంతులవారీగ ఎవరెప్పుడుండవలెను, వైద్యునితో ఎవరు మాటలాడవలెను, వ్యయమును ఎట్లు పంచుకొనవలెను. ఐదుగురు ఐదు విధములుగ అడిగినచో వైద్యుని సమాధానము ఐదు విధములుగ ఇల్లు చేరును. ఒకరే అడిగి, చెప్పినది నోటుపుస్తకములో వ్రాసి, తక్కినవారికి వినిపించుట మేలు. అదే పుస్తకమున వ్యయముల లెక్కయు వ్రాయవలెను. తండ్రి కోలుకొని యింటికి వచ్చినను ఆసుపత్రి లెక్కల వలన అన్నదమ్ములు మాటలు మానివేసిన ఇండ్లు కలవు. ధనమీయలేని బిడ్డ కాలమీయవచ్చును. కాలమీయలేని బిడ్డ ధనమీయవచ్చును. రెండును దాసోహమే; ఒకదానిని చూపి రెండవదానిని తక్కువ చేయరాదు.

మంచము ప్రక్క చేయదగిన సేవ

కదలలేని రోగిని రెండు గంటలకొకసారి ప్రక్క మార్చి పరుండబెట్టవలెను. లేనిచో నడుము, పిరుదులు, మడమలయొద్ద పుండ్లు పడును. ఒకసారి పడిన ఆ పుండు మానుట మిక్కిలి కష్టము. ఆహారమిచ్చునపుడు వెన్నెత్తి కూర్చుండబెట్టి, కొంచెము కొంచెముగ ఈయవలెను. మూత్రపిండముల రోగికి, గుండె బలహీనపడిన రోగికి నీటికి కొలత యుండును. ‘పాపము, దాహమనుచున్నాడు’ అని చాటుగ పట్టించిన చెంబెడు నీళ్ళు ఆయాసమును తెచ్చును. ఇది ప్రేమవలన జరుగు తప్పు, అయినను తప్పే. శస్త్రచికిత్సకు ముందు కడుపు ఖాళీగ నుండవలెనని చెప్పిన గంటలలో పాదోదకమైనను ప్రసాదమైనను ఈయరాదు.

వృద్ధులు ఆసుపత్రిలో రాత్రివేళ ఉన్నట్లుండి పొంతనలేని మాటలాడుదురు; తమ యూరిలోనే యున్నామనుకొని లేచి పోవజూతురు; కన్నబిడ్డలనే గుర్తింపరు. ఇది పిచ్చి కాదు, దయ్యము కాదు. రోగము, మందులు, నిద్రలేమి కలిసి తెచ్చు తాత్కాలికమైన గందరగోళము. నర్సునకు వెంటనే చెప్పవలెను. కళ్ళజోడు పెట్టి, చెవియంత్రమున్న తగిలించి, తెలిసిన గొంతుతో పేరు పెట్టి పిలిచి, తామెచట నున్నారో, ఏ వారమో మెల్లగ చెప్పుచుండిన కొంత కుదుటపడుదురు. వాదించినచో మరింత బెదరుదురు.

పరామర్శకు లారీ కట్టుకొని ఊరంతయు పోవుట పల్నాట మర్యాదగ భావింపబడును. కాని రోగికి వలసినది విశ్రాంతి. ఇద్దరు పోయి, చేతులు కడుగుకొని, ఐదు నిమిషములుండి వచ్చిన చాలును. తక్కినవారు ఆ యింటి పశువులకు మేతవేసిన, కల్లమునకు కాపలా యున్న, అదియే నిజమైన పరామర్శ.

ఇష్టలింగము సంగతి

లింగాయత వృద్ధులు ఆసుపత్రిలో పడు బాధ యొకటి ఇతరులకు తెలియదు. మేనినుండి ఇష్టలింగము నెన్నడును వేరుచేయని పెద్దను శస్త్రచికిత్స గది గుమ్మమున నిలిపి, ‘మెడలోనిది తీయుము’ అన్నచో ఆయన గుండె జల్లుమనును. కొందరు చికిత్సయే వలదని తిరిగి వచ్చెదమందురు. ఎం.ఆర్.ఐ. యంత్రము బలమైన అయస్కాంతము; ఆ గదిలోనికి లోహములు రానీయరు. శస్త్రచికిత్సకు ముందు మెడలోనివి తీయించుట రోగి క్షేమముకొరకే. వైద్యునియందు దోషము లేదు. పెద్దయందును దోషము లేదు. ముందుగ చెప్పుకొనకుండుటయే దోషము.

కనుక ముందునాడే వైద్యునకు విషయము విన్నవింపవలెను. వెండి లింగకాయను తీసి, ఏ మేరకు అనుమతింతురో అడుగవలెను. అనుమతి లేనిచో, లింగధారియైన కుటుంబసభ్యుడు శుభ్రమైన వస్త్రమున ఇష్టలింగమును స్వీకరించి, గది వెలుపల దానిని చేతనుంచుకొని కూర్చుండి, తెలివి వచ్చినంతనే రోగి చేతికీయవలెను. ఇష్టలింగము, ప్రాణలింగము, భావలింగము అని లింగము త్రివిధముగ చెప్పబడినది. అరచేతిది ఒక గంటసేపు బిడ్డ చేతిలో నున్నను ప్రాణమునందున్నది ఎచటికిని పోదు. ఈ మాట కొడుకు చెప్పుటకంటె గురువు చెప్పిన పెద్దలు త్వరగ స్వీకరింతురు. మఠాధిపతులు ఒక ఫోనుమాటతో ఈ మేలు చేయగలరు.

మరియొక సంగతి. తనకు స్నానము చేయించు నర్సుది, మలమూత్రములెత్తు ఆయాది ఏ కులమని అడుగు పెద్దలు ఇంకను కలరు. వారు చేయునది కాయకము. కాయకమునకు కులము లేదన్నదే బసవబోధ. పల్నాట బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక చాపపై కూర్చుండబెట్టి చాపకూడు కుడిపించెనని ప్రతీతి. ఆ గడ్డపై పుట్టినవారు రోగశయ్యపై నుండి కులమడుగుట నగుబాటు. బిడ్డలు ఆ మాటను సున్నితముగ ఆపి, ఆయాకు తాము నమస్కరించి చూపవలెను.

చెప్పవలసిన మాట

అన్నింటికంటె కష్టమైనది నిజము చెప్పుట. రోగము నయము కానిదని తెలిసిన పిమ్మట బిడ్డలు ‘ఏమియు లేదు, రెండు దినములలో పోవుదము’ అని బొంకుదురు. తండ్రి ఆ బొంకును నమ్మినట్లు నటించును. ఇరువురును ఒకరినొకరు కాపాడబోయి ఒంటరులగుదురు. పొలము ఎవరికి పంచవలెనో, ఎవరితో మాట కలుపుకొనవలెనో, ఎచట కన్నుమూయవలెనో చెప్పుకొను అవకాశము ఆయనకు దక్కదు. ‘నీకేమి తెలిసికొనవలెనని యున్నది నాయనా?’ అని అడిగి, ఆయన అడిగినంతవరకు చెప్పుట ఉత్తమమార్గము.

2018లో సుప్రీంకోర్టు గౌరవముగ మరణించు హక్కును గుర్తించి, తెలివి యున్నపుడే తన చివరి చికిత్సను గూర్చి వ్రాసియుంచు పత్రమునకు చట్టబద్ధత నిచ్చినది. 2023లో ఆ పద్ధతిని సులభతరము చేసినది. నయము కాని దశలో నొప్పిని, ఆయాసమును తగ్గించి సుఖము కలిగించు వైద్యము వేరుగ కలదు. చేతులెత్తివేయుట వేరు, ఆ వైద్యమును కోరుట వేరు. భూమి యమ్మియైనను ఇంకొక పది దినములు యంత్రముపై నుంచనిచో లోకమేమనునో యని జంకువారు ఒక ప్రశ్న వేసికొనవలెను: ఇది తండ్రి కోరికయా, లోకము మాటయా? మరణమును లింగైక్యమని పిలుచు సమాజము దానిని గూర్చి మాటలాడుటకు అందరికంటె తక్కువ వెరవవలెను.

ఇల్లు చేరిన పిమ్మట

డిశ్చార్జి కాగితమును వైద్యునిచేతనో నర్సుచేతనో తెలుగున చెప్పించుకొని రావలెను: ఏ మందు ఎప్పుడు, ఏ లక్షణము కనబడిన తిరిగి రావలెను, మరల చూపించు తేదీ యేది. పిదప సేవ చేసిన బిడ్డను గూర్చి కూడ ఆలోచింపవలెను. నెలదినములు నిద్రలేని కోడలికి ఒక వారము పుట్టింట విశ్రాంతి యిచ్చిన అది రోగికి చేసిన సేవయే. మఠములు తమ పరిధిలో రక్తదానము చేయగల యువకుల పట్టికను, గుంటూరులో అన్నము పెట్టగల భక్తుల చిరునామాలను ఉంచుకొన్నచో మాచర్లనుండి పోయిన పేదకుటుంబము ఆసుపత్రి వరండాలో దిక్కులు చూడదు. దాసోహమునకు ఇంతకంటె తగిన తావు వేరొకటి లేదు.

మననము చేయదగిన ప్రశ్నలు

1. తల్లిదండ్రులు వాడుచున్న మందుల పేర్లు ఇంటిలో ఎందరికి తెలియును?
2. ఆపద వచ్చిన రాత్రి ఎవరు వెంట పోవుదురో, ఎవరు ఇల్లు చూతురో ముందుగ అనుకొనిరా?
3. చివరి దినములు ఎట్లు గడుపదలచిరో తల్లిదండ్రులను ఎన్నడైన అడిగిరా?

మూడవ ప్రశ్న అడుగుటకు నోరు రాదు. ఆరోగ్యముగ నున్న దినమున, అరుగుపై కూర్చుండి, అడిగిన చాలును. అడిగిన బిడ్డను చూచి ఏ తల్లియు కోపగింపదు.