మసాలా టీ మంచిదా, లాటే కాఫీ మంచిదా?



మా ఓ.పి.కి వచ్చే పెద్దలు ఈ మధ్య ఒక ప్రశ్న తరచుగా అడుగుతున్నారు. "అల్లం, యాలకులు వేసిన టీ ఒంటికి మంచిదంటారు. పిల్లలేమో పట్నం నుండి వచ్చి ఆ నురగ కాఫీ అలవాటు చేశారు. రెండింటిలో ఏది తాగమంటారు?" అని. అడిగేవారిలో షుగరు ఉన్నవారు, రక్తం తక్కువై మందులు వాడుతున్న తల్లులు, థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు ఎక్కువ. వారి విషయంలో ఇది రుచికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాము.

ముందు కప్పులో ఏమున్నదో చూద్దాము. మనము వాడే టీ పొడి చాలావరకు సి.టి.సి. రకము. ఆకును యంత్రంలో నలిపి, చింపి, గుండ్రటి పలుకులుగా చేస్తారు. ఈ పద్ధతి 1930లలో అస్సాంలో మొదలైంది. పలుకు చిన్నది కాబట్టి రంగు, వగరు త్వరగా దిగుతాయి, పాలు పోసినా రుచి నిలబడుతుంది. ఇందులో అల్లం, యాలకులు, దాల్చినచెక్క, లవంగం, మిరియాలు, ఎవరి ఇంటి వాడుక వారిది, వేస్తే మసాలా టీ అవుతుంది.

లాటే అంటే ఇటలీ భాషలో పాలు. ఆ దేశంలో హోటలుకు వెళ్ళి ఆ ఒక్క మాటే చెబితే గ్లాసుడు పాలు తెచ్చి పెడతారు! ఎస్ప్రెస్సో అనే చిక్కని కాఫీ డికాషన్ సుమారు 30 మిల్లీలీటర్లు తీసి, దానిపై ఆవిరితో వేడిచేసిన పాలు 200 మిల్లీలీటర్లో, ఇంకా ఎక్కువో పోస్తారు. అంటే అది కాఫీ వాసన గల పాలన్నమాట. మన ఫిల్టర్ కాఫీ దీనికి దూరపు చుట్టమే. అయితే మన పొడిలో చాలాసార్లు చికోరీ కలుస్తుంది. చికోరీలో కెఫీన్ ఉండదు.

కాబట్టి "ఒక కప్పు టీ, ఒక కప్పు లాటే" అని సరిపోల్చడం కుదరదు. టీ కొట్టు గ్లాసులో 80, 90 మిల్లీలీటర్లు పడుతుంది. లాటే కప్పు దానికి మూడింతలు. 240 మిల్లీలీటర్ల టోన్డ్ పాలలో ఇంచుమించు 140 క్యాలరీలు, 7 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. పంచదార వేయకపోయినా పాలలో సహజంగా ఉండే చక్కెర 12 గ్రాముల దాకా ఉంటుంది. షుగరు ఉన్నవారు దీనిని పానీయంగా కాక చిన్న ఆహారంగా లెక్క వేసుకోవాలి. ఆకలి మందగించిన వృద్ధులకు మాత్రం అదే లాభం. రెండు ఇడ్లీలు కూడా తినలేనివారు కప్పుడు పాల కాఫీ తాగగలరు.

మసాలాల సంగతి

అల్లం వికారాన్ని తగ్గిస్తుందన్నది నిజమే. గర్భిణులకు నెలలు నిండని రోజుల్లో వచ్చే వేవిళ్ళకు కూడా అది కొంత ఉపశమనం ఇస్తుంది. గొంతు బాగాలేనప్పుడు వేడి అల్లం టీ హాయిగానే ఉంటుంది. అంతవరకే. దాల్చినచెక్క షుగరును తగ్గిస్తుందని విని, మాత్ర మానేసి దాల్చినచెక్క టీ తాగేవారు ఉన్నారు. కప్పులో పడే చిటికెడు పొడి మీ మాత్ర చేసే పని చేయదు. దయచేసి మందు మానవద్దు. ఛాతీలో మంట, పుల్లటి త్రేన్పులు ఉన్నవారికి పరగడుపున టీ గానీ కాఫీ గానీ మంట పెంచవచ్చు. కొందరికి మిరియాల ఘాటు ఇంకా పడదు.

పంచదార లెక్క

రోజుకు ఆరుసార్లు టీ తాగే అన్నయ్యలు మన మధ్య తక్కువేమీ కాదు. గ్లాసుకు రెండు చెంచాల పంచదార, చెంచా 5 గ్రాములు అనుకుంటే, సాయంత్రానికి 60 గ్రాములు, 240 క్యాలరీలు. కలిపిన చక్కెర మొత్తం రోజుకు 25 గ్రాములు దాటకపోతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అంటే బిస్కెట్టు, స్వీటు ముట్టకముందే రెండింతలు దాటిపోయాము. టీ గ్లాసు చిన్నది కాబట్టి ఎవరూ లెక్క పెట్టరు. ప్రమాదం అక్కడే ఉన్నది.

రోడ్ల పక్కన బెల్లం టీ బోర్డులు చూసి షుగరు ఉన్నవారు ధైర్యంగా ఆగుతున్నారు. బెల్లం కూడా చక్కెరే. రక్తంలో షుగరును అదీ పెంచుతుంది. అలాగే కాఫీ షాపులలో వెనీలా, కారమెల్ అని రుచులు కలిపే లాటేలలో ఉండేది తియ్యటి సిరప్పే. విదేశాలలో ఉన్న పిల్లలు పంపే చాయ్ లాటే పొడి ప్యాకెట్టును తిప్పి చూడండి. చాలా వాటిలో పదార్థాల వరుసలో మొదట కనిపించేది చక్కెరే.

అన్నం తిన్న వెంటనే టీ

మేము అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచినది ఇది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. తోటకూర, గోంగూర, పప్పులు, రాగులు తినమని మేము చెబుతాము. అక్కచెల్లెళ్ళు శ్రద్ధగా తింటారు. తిని చెయ్యి కడుక్కుని టీ తాగుతారు. ఆకుకూరలు, పప్పులలోని ఇనుము సులభంగా ఒంటికి పట్టేది కాదు. టీలోని వగరు పదార్థాలు, టానిన్లు, పేగులో దానిని పట్టుకుని, రక్తంలోకి చేరకుండా ఆపుతాయి. తిన్నది తిన్నట్టే పోతుంది.

1983లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో, భోజనంతో పాటు కాఫీ తాగినవారికి పట్టే ఇనుము 39 శాతం, టీ తాగినవారికి 64 శాతం తగ్గింది. భోజనం అయిన గంటకు కాఫీ తాగినా అంతే నష్టం కనిపించింది. భోజనానికి గంట ముందు తాగినప్పుడు మాత్రం నష్టం లేదు. కాబట్టి ఈ విషయంలో కాఫీ కొంత మేలు, కానీ రెండూ నిర్దోషులు కావు. "పాలు పోశాము కదా" అని కొందరు అంటారు. పాలు కలిపినంత మాత్రాన టీ ఈ గుణం పెద్దగా మారదు. డికాషన్ ఎంతసేపు మరిగితే అంత వగరు దిగుతుంది. పొద్దున పెట్టిన గిన్నెనే సాయంత్రం దాకా మరిగించే కొట్టు టీ ఈ లెక్కలో చివరిది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు కూడా భోజనానికి ముందు ఒక గంట, తరువాత ఒక గంట టీ, కాఫీలు మానమంటున్నాయి. రక్తం తక్కువైనవారు తరువాత రెండు గంటలు ఆగితే ఇంకా మంచిదని మా సలహా. భోజనంలో నిమ్మరసం పిండుకోండి. అందులోని విటమిన్ సి ఇనుమును లోపలికి చేర్చడానికి సాయపడుతుంది.

పసిపిల్లలకు టీలో బన్ను, బిస్కెట్టు ముంచి పెట్టడం మన ఇళ్ళలో ముద్దుగా జరిగే పని. రక్తం పట్టవలసిన వయసులో అది పిల్లల ఇనుమును తగ్గిస్తుంది, పాలు, గుడ్డు తినవలసిన కడుపును నింపేస్తుంది. నాయనమ్మలు, అమ్మమ్మలు మన్నించాలి. చిన్నపిల్లలకు టీ వద్దు, కాఫీ వద్దు.

మాత్రలు వేసుకునేవారికి

థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్ళతోనే వేసుకోవాలి. ఆ తరువాత కనీసం అరగంట, వీలైతే గంట ఆగి కాఫీ గానీ టీ గానీ తాగాలి. మాత్ర నోట్లో, కాఫీ చేతిలో ఉంటే మందు పూర్తిగా ఒంటికి పట్టదు. అప్పుడు పరీక్షలో టి.ఎస్.హెచ్. తగ్గదు, డోసు పెంచవలసి వస్తుంది. ఐరన్ మాత్ర కూడా టీ, కాఫీ, పాలతో వద్దు. నీళ్ళతో గానీ నిమ్మకాయ నీళ్ళతో గానీ వేసుకోండి.

కెఫీన్ సంగతి క్లుప్తంగా చెబుతాము. పైన చెప్పిన మార్గదర్శకాల ప్రకారం 150 మిల్లీలీటర్ల టీలో 30 నుండి 65 మిల్లీగ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుండి 65, డికాషన్ కాఫీలో 80 నుండి 120 ఉంటుంది. రోజుకు 300 దాటవద్దు. గర్భిణులు ఇంకా తగ్గించుకుని, ఒకటి రెండు చిన్న కప్పులతో ఆపాలి. తాగిన దానిలో సగం ఒంట్లో నుండి పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది. నిద్ర పట్టడం లేదని మాత్ర అడిగే ముందు సాయంత్రం ఆరింటి కప్పును మానేసి చూడండి.

ఇంట్లో చేసుకునే పద్ధతి

ఇద్దరికి ఒక కప్పు నీళ్ళు, దంచిన అల్లం, రెండు యాలకులు, చిన్న దాల్చినచెక్క ముక్క వేసి మూడు నాలుగు నిమిషాలు మరిగించండి. చెంచాన్నర టీ పొడి వేసి రెండు నిమిషాలకు కాచిన పాలు అరకప్పు పోసి, ఒక పొంగు రాగానే దించండి. పంచదార గిన్నెలో వేయవద్దు, కప్పులో ఎవరికి వారు వేసుకోవాలి. వారానికి పావు చెంచా చొప్పున తగ్గిస్తే నాలుక గొడవ చేయదు. యాలకుల వాసన తీపి లోటును కొంత కప్పిపుచ్చుతుంది. లాటే ఇష్టమైనవారు వెన్న తీసిన పాలతో, సిరప్పు లేకుండా, చిన్న కప్పులో చేసుకోవచ్చు. ఏదైనా పొగలు కక్కుతుండగా మింగవద్దు. 65 డిగ్రీలకు మించిన వేడి పానీయాలు అన్నవాహిక క్యాన్సరుకు కారణం కావచ్చని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2016లో ప్రకటించింది.

ఆదివారం ఆరాధన తరువాత ఇచ్చే టీ ముందే తియ్యగా కలిపి వస్తుంది. వద్దంటే మర్యాద కాదని షుగరు ఉన్న పెద్దలు తాగేస్తున్నారు. స్త్రీల సమాజం వారు టీని చప్పగా పెట్టి, పంచదార గిన్నె పక్కన ఉంచగలరని కోరుతున్నాము.

ఇక పరగడుపు రక్తపరీక్షకు వచ్చేవారు: "ఏమీ తినలేదండి, టీయే తాగాను" అంటే ఆ రోజు పరీక్ష పనికిరాదు. పంచదార లేని కాఫీ అయినా అంతే. మంచినీళ్ళు మాత్రం తాగవచ్చు. ఫ్లాస్కులో తెచ్చుకున్న టీ మొదటి రక్తం ఇచ్చిన తరువాత టిఫినుతో తాగండి. టిఫిను మొదలుపెట్టిన రెండు గంటలకు రెండో రక్తం ఇవ్వాలి. ఆ మధ్యలో మరో కప్పు వద్దు.