చూసి చెప్పిన మాట

కొత్త యంత్రం గురించి నలుగురికీ అర్థమయ్యేలా చెప్పడం కూడా ఒక వృత్తే. ఆ వృత్తిలో పేరు పొందినవారు రేమండ్ బ్యాక్స్‌టర్.

ఆయన 1922లో ఇంగ్లండులోని ఇల్‌ఫర్డ్‌లో జన్మించారు. రెండవ ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాలు నడిపారు. తరువాత సైనికుల రేడియోలో పనిచేసి, బీబీసీలో చేరారు. అక్కడ మోటారు వాహనాల విలేకరిగా కారు పందేలకు వ్యాఖ్యానం చెప్పారు. అంతటితో సరిపెట్టుకోలేదు. ప్రసిద్ధమైన మాంటే కార్లో ర్యాలీలో పలుమార్లు తానే పోటీపడ్డారు. మంచు రోడ్డు మీద చక్రం ఎలా జారుతుందో ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు.

1965లో బీబీసీ 'టుమారోస్ వరల్డ్', అంటే 'రేపటి ప్రపంచం', అనే టెలివిజన్ కార్యక్రమం మొదలుపెట్టింది. దాని తొలి వ్యాఖ్యాత బ్యాక్స్‌టరే. 1977 వరకు ఆయన అందులో కొత్త ఆవిష్కరణలను పరిచయం చేశారు. అది ప్రత్యక్ష ప్రసారం. యంత్రం మొరాయిస్తే దాచడానికి వీలులేదు. కనుక చెప్పేవారికి దాని పనితీరు ముందే క్షుణ్ణంగా తెలిసి ఉండాలి. 1969 మార్చి 2న ఫ్రాన్సులోని తులూజ్‌లో కాంకార్డ్ విమానం మొదటిసారి ఎగిరినప్పుడు, ఆ దృశ్యాన్ని బీబీసీ ప్రేక్షకులకు వివరించిందీ ఆయనే. 2006లో ఆయన కన్నుమూశారు.

ఈనాడు కొత్త ఫోను, కొత్త బండి గురించి చెప్పే వీడియోలు లెక్కలేనన్ని. వాటిని చూసేటప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి: చెప్పేవారు దాన్ని వాడి చూశారా, అమ్మేవారి మాటలే వల్లిస్తున్నారా? మన సైన్సు రికార్డుకూ ఇదే నియమం. చేసిన ప్రయోగాన్నే రాయాలి. ఫలితం తప్పితే తప్పిందనే రాయాలి.